మూడో పిలుపు

ఆ రోజుల్లో నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అదే కఫీల్, తప్ప మరో భయం లేదు. కరీంనగర్‌లో ఒక పత్రికకు జిల్లా వార్తలు రాసి రాసి, సౌదీలో తబూక్ దగ్గర ఒక మెయింటెనెన్స్ క్యాంపులో స్టోర్‌కీపర్‌గా చేరిన కొత్త. దయ్యాల కబుర్లు పంపినప్పుడల్లా డెస్కులో తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి (తిట్టిన వాటినే ఆదివారం అనుబంధంలో వేసుకునేవారు, అది వేరే సంగతి) వాటిని నమ్మేవాళ్లంటే కొంచెం చిన్నచూపు.

నా గదిలో ఉండే ఏసీ మెకానిక్‌ది జగిత్యాల వైపు. క్యాంపంతా ఆయన్ని మామా అనేది, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకు పని ముగించుకుని ఇంటికి పోయేందుకు ఎగ్జిట్ పడింది. ఆదివారం విమానం. సంబరంగా ఉండాల్సిన మనిషి మంచం మీద దిగులుగా కూర్చున్నాడు. "బిడ్డ అడుగుతుంది అల్లుడా, అంత పెద్ద దేశంల ఏం జూసినవ్ నాయినా అని. ఏసీ డక్టులు జూసిన అని జెప్పాల్నా?"

అందుకని శుక్రవారం తెల్లవారగానే తెలిసిన పాకిస్తానీ డ్రైవర్ పికప్‌లో ఎర్రరాతి కొండల లోయకు బయలుదేరాం. లోయ మొదట్లో దించి, "శామ్‌కో యహీఁ మిలూంగా, దేర్ మత్ కర్నా" అన్నాడు. సాయంత్రం ఆలస్యం చేసి అతణ్ణి అందుకోకపోతే ఆ రాత్రంతా కొండల్లోనే. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఉన్న నీళ్లన్నీ మామ భుజాన ఉన్న క్యానులోనే.

మొదట్లో బాగానే ఉంది. ఇసుకలో కాళ్లు కూరుకుపోతూ, గుండ్రాళ్ల మీద దేకుతూ, ఖుబ్జ్ రొట్టెలో మామిడికాయ తొక్కు చుట్టుకుని తింటూ నడిచాం. లోపలికి పోయేకొద్దీ కొండ గోడలు దగ్గరయ్యాయి. ఆకాశం పైన నీలం రిబ్బనులా మిగిలింది. పిట్ట అరుపు కూడా లేదు. మేం ఆగితే, మా వెనక ఒక్క అడుగు చప్పుడు ఆలస్యంగా ఆగేది.

"ఎన్కకు సూడకు," అన్నాడు మామ మెల్లగా. "ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎవలన్న పిలిస్తె పలుకకు. మూడుసార్లు పిలిస్తెనే పల్కాలె. మనిషి కానిది రెండుసార్లే పిలుస్తది."

"సౌదీ దయ్యానికి తెలుగొస్తదా మామా?" నవ్వాను.

మామ నవ్వలేదు. "ఇంటికి పోకుంట ఈడనే పాణం ఇడిసిన మనోళ్లు ఎందరు లేరు? అండ్ల తెలుగోడు ఉండడా?"

నా నవ్వు గోడకు తగిలి తిరిగొచ్చింది. అది నాది కాదేమో అనిపించింది.

కాసేపటికి, ఫోటో తీస్తానని ఒక పక్క సందులోకి తిరిగాను. బయటికొస్తే మామ లేడు. అన్ని మలుపులూ ఒకేలా ఉన్నాయి. కాసేపు అటూ ఇటూ తిరిగేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఒక పెద్ద బండ నీడలో చతికిలబడ్డాను. అప్పుడు వినిపించింది, "అల్లుడా!" అని. నోరు తెరిచాను, మూశాను. (నమ్మకం లేనివాడికి మూయాల్సిన పనేమిటి?) మళ్లీ, "అల్లుడా!" మూడోది రాలేదు. ఇక నేనే "మామా!" అని రెండుసార్లు కేకేశాను. జవాబు లేదు. మూడోసారికి గొంతు లేవలేదు.

బండ నీడ నా కాళ్లు దాటి ఇసుక మీదికి సాగింది. డ్రైవర్ వచ్చే వేళ దగ్గరపడుతోంది. నీళ్లు లేకుండా రాత్రి గడుస్తుందా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు "ఓ...య్" అని ఒక పిలుపు. మా వైపు ఒక పొలం గట్టు మీది నుంచి ఇంకో గట్టుకు పిలుస్తారే, అచ్చం అలాగే, తీరిగ్గా.

"ఆఁ!" అంటూ లేచాను. బండకు అటు పక్క నుంచి కూడా "ఆఁ!" అంటూ మామ లేచాడు. ఇంతసేపూ ఒకే బండకు చెరోవైపు వీపు ఆనించి, ఎదుటివాడు మూడోసారి పిలవాలని ఇద్దరం బిగుసుకుని కూర్చున్నామన్నమాట!

"పిలుస్తె పలుకవేందిరా?"

"నువ్వే కదా పలుకొద్దన్నవ్! ఇప్పుడు మూడోసారి పిలిచినవ్ గద, అందుకే పలికిన."

మామ ముఖం పాలిపోయింది. "నేనా? నువ్వు పిలిచినవనే గద నేను లేసింది!"

ఇద్దరం పైకి చూశాం. పిలుపు వచ్చింది బండకు పైన, కొండ గోడలోని ఒక సందులోంచి. అక్కడ ఎండా, రాళ్లూ తప్ప ఏమీ లేవు. క్యాను సగం నేను తాగానో, సగం మీద ఒలికిందో గుర్తులేదు. ఆ తర్వాత మేం చేసినదాన్ని నడక అనరు. పికప్ ఎక్కేసరికి మామకు ఒక చెప్పు లేదు.

మామ ఆదివారం విమానం ఎక్కాడు. బిడ్డకు చెప్పేందుకు ఆయనకో కథ దొరికింది. అందులో పరుగెత్తింది నేనొక్కణ్ణేనట. నేనూ కొన్నేళ్లకు తిరిగొచ్చి మళ్లీ పత్రికలో చేరాను. ఇప్పటికీ ఇంట్లో పిలిస్తే మూడోసారికి గానీ పలకను. "చెవుడా?" అంటుంది మా ఆవిడ.

అది ఎక్కడో ఎవరో వేసిన కేకకు ప్రతిధ్వనే అయి ఉంటుంది. కాకపోతే మాత్రం, దారి తప్పిన ఇద్దరిని కలిపిన మనిషిని, విలేకరిగా పనిచేసినవాణ్ణయి ఉండీ, పేరేమిటి, ఊరేది అని అడగకుండా పరుగెత్తాను. తన ఇంటికి ఏమైనా కబురు చెప్పమనేవాడేమో.