నీలం రంగు చూసి మురిసిపోయిన

మొన్న మందు చెడిపోయిందని డాక్టర్ సార్‌ను పిలిపించి, నా పరువు నేనే తీసుకున్న. నవ్వకుండ వినుండ్రి. నవ్వే సంగతి ఇండ్ల చానా తక్కువనే ఉన్నది.

మీకు ఎరుకే గదా, బాన్సువాడల ముసలోళ్లను చూసుకునే ఆశ్రమంల నేను నర్సుని. షుగర్ ఉన్నోళ్ల మూత్రం రోజూ పొద్దుగాల సీసాలల్ల పట్టిస్తం. నీలం మందుల కొన్ని చుక్కలు కలిపి స్పిరిట్ దీపం మీద కాగబెడ్తం. రంగు మారకపోతే షుగర్ లేనట్టు, ఇటుక రంగుకొస్తే బాగా ఉన్నట్టు. ఆ రంగును బట్టే ఇన్సులిన్ సూది.

సాయవ్వది నస్రుల్లాబాద్. వరి, చెరుకు పండించిన ఇంటి మనిషి. షుగర్‌తోని కాలు పుండు పడ్డది, కిడ్నీలు గూడ సగం పాడైనయి. "రక్తం కడిగే మిషన్ హైదరాబాద్ల ఉన్నది గానీ ఈమె దాంక రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలె" అన్నడు డాక్టర్ సార్. ఆమె సీసా ఎప్పుడూ ఇటుక రంగే. గా పొద్దున మాత్రం నీలం. కడిగినట్టు నీలం.

ఎంత మురిసిపోయిన్నో. వంటామెను పిలిచి చూపెట్టిన. "నేను తిండి కట్టడి చేస్తే గిట్లుంటది" అన్న. ఆ పూట సూది గూడ ఆపిన.

మాపటికి సాయవ్వ మొహం ఉబ్బింది. తెల్లారి మళ్ల నీలమే, మనిషి మాత్రం ఎగపోస్తుంది. పొట్ట పట్టుకొని మూలుగుతుంది. ఏమైందవ్వా అంటే గోడ దిక్కు తిరిగింది.

నాకు భయమైంది. మందే చెడిపోయి రంగు తప్పు చూపెడ్తుందేమో అనుకున్న. షుగర్ లేనోళ్లది పోసి చూస్తే తెలుస్తది గదా. లేనోళ్లు ఎవరు? నేనే. పోసి కాగబెట్టిన. ఇటుక రంగు వచ్చింది.

ఇంకేముంది, మందు పాడైందని మొత్తం మోరీల పారబోసి సార్‌కు కబురు పంపిన.

సార్ కొత్త మందు సీసా పట్టుకొని స్కూటర్ మీద వచ్చిండు. సాయవ్వ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి, "అవ్వా, మూత్రం ఎప్పటి సంది వస్తలేదు?" అన్నడు.

పక్క మంచంల ఉండే జమ్లీ తల కిందికేసుకున్నది. జమ్లీ తండా మనిషి, కీళ్ల నొప్పులే తప్ప షుగర్ లేదు.

"గా సీసాలు నేను నింపినయి సారు" అన్నది. "ఈమెకు వస్తలేదు. చెప్తే నిజామాబాద్ దవాఖానకు తోల్తరని ఏడ్చింది."

"ఈడ మాతోనే ఉన్న పోచవ్వను గట్లనే తోల్కపోయిండ్రు" అన్నది సాయవ్వ మెల్లగ. "ఆమె బట్టల మూట ఒక్కటే తిరిగొచ్చింది."

ఆమె ప్రాణం మీదికి వస్తుంటే నేను సంబురపడ్డ.

సార్ అక్కడ్నే గొట్టం ఏసిండు. బేసిన్ నిండింది. షుగర్‌తోని నరాలు దెబ్బతిని మూత్రం లోపల్నే ఆగిపోయిందట. ఇంకొంచెం ఆలస్యమైతే ఉన్న కిడ్నీ గూడ పోయేదట. సాయవ్వ నా చెయ్యి పట్టుకొనే నిద్రపోయింది. ఇగ గొట్టంతోనే ఉండుడు. ఎన్నాళ్లు బతుకుతదో సార్ గూడ చెప్పలే.

పోవుకుంట సార్ అడిగిండు. "మందు చెడిపోయిందని ఎట్ల తెలిసింది నర్సమ్మా?"

"షుగర్ లేనోళ్లది పోసి చూసిన సార్. ఇటుక రంగు అయింది."

"ఎవరిది?"

"నాదే."

సార్ నా దిక్కు చూసి, కొత్త మందు చేతిల పెట్టిండు. "మళ్ల చెయ్యి."

చేసిన. ఇటుక రంగు. ఇన్నాళ్లు ఎండలకు దూప ఎక్కువైందనుకొని చెంబుల మీద చెంబులు నీళ్లు తాగుతున్న.

"రేపటి సంది నీ సీసా గూడ వరుసల పెట్టు. రంగు తగ్గకపోతే నీకూ సూదే" అని పోయిండు. అందరికీ సూదులు పొడిచేదాన్ని, నాకు సూదంటే చచ్చేంత భయం.

తెల్లారి ఖాళీ సీసా పట్టుకొని జమ్లీ మంచం కాడ నిలవడ్డ. ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు. ఆమె సీసాను చూసింది, నన్ను చూసింది.

"నీకు గూడనా బిడ్డా? నాకు గంత రాదు" అన్నది.