బాబాయ్ అరవని భూకంపం

భూమి కదలడం మొదలైన కొత్తలో ఆ వీధి జనం పద్ధతిగానే భయపడ్డారు. మొదటిసారి కదిలినప్పుడు ఎవరి చేతిలో ఏది ఉంటే దానితోనే వీధిలోకి వచ్చి పడ్డారు. ఒకాయన చేతిలో టీవీ రిమోటు, ఒకావిడ చేతిలో గరిటె. పక్క మేడ మీది పెద్దమనిషి తువ్వాలుతో దిగి వచ్చి, ఆ తర్వాత చాలా రోజులు ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేకపోయాడు. రెండోసారికి అందరూ చెప్పులు వేసుకుని, తలుపుకి తాళం పెట్టి మరీ వచ్చారు. ఆ పైన వారానికోసారి టీవీలో "మళ్ళీ కంపించిన భూమి" అని ఎర్రక్షరాలు పరిగెడుతుంటే, భయం తగ్గి పాండిత్యం పెరిగింది.

మందుల షాపాయన కౌంటరు మీద గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టుకున్నాడు. నీళ్ళు కదిలితే భూమి కదిలినట్టు. వచ్చిన వాళ్ళతో మాట్లాడుతూ చూపు మాత్రం గ్లాసు మీదే ఉంచడంతో, దగ్గు మందు అడిగిన వాళ్ళకి కడుపునొప్పి మందు వెళ్ళేది. మూల మీద పళ్ళమ్మే అక్క, ఎప్పుడూ ఎత్తుగా పేర్చే కమలాపళ్ళని బల్ల మీద చదునుగా పరిచేసి, "ఇప్పుడు ఎంత ఊగుతుందో ఊగమను" అని భూమికే సవాలు విసిరింది. ఈ పండితులందరూ పొద్దున్నే కలుసుకునే చోటు బాబాయ్ సెలూను. ఎందుకంటే అక్కడ టీవీ ఉంది, బెంచీ ఉంది, అన్నిటికీ మించి బాబాయ్ ఉన్నాడు.

ఆయన వీధికంతా బాబాయే. తన కంటే పెద్దవాళ్ళకి కూడా. సెలూనంటే మరీ ఊహించుకోకండి. గోడ పొడుగునా అంచుల్లో మచ్చలు తేలిన అద్దం, దాని ముందు రెండు కుర్చీలు. అందులో ఒకటి ఎత్తు దించుకోవడం మర్చిపోయి చాలాకాలమైంది కాబట్టి దాని మీద పాత పేపర్లు కూర్చుంటాయి. బెంచీకి పైన, గోడకి కొట్టిన ఇనప స్టాండు మీద టీవీ. వెనక తలుపు తీస్తే ఇల్లే. ఆ తలుపు పక్కనే పిన్ని, అంటే బాబాయ్ భార్య, కుట్టు మిషను మీద పరదాలూ దిండు గలీబులూ కుడుతూ, ముందు గదిలో జరిగే ప్రతి మాటా వింటూ ఉంటుంది.

బాబాయ్‌కి కత్తి మీద ఉన్నంత మోజు మరి దేని మీదా లేదు. జుట్టు కత్తిరించడం ఎవడైనా చేస్తాడు, గడ్డం గీయడం మాత్రం విద్య అనేవాడు. రిటైరైన పోస్టుమాస్టరు గారు ఏళ్ళ తరబడి రోజూ ఆ కుర్చీలో తల వెనక్కి వాల్చి గడ్డం గీయించుకుంటున్నారు, ఒక్క గాటు పడలేదు. మొదటిసారి భూమి కదిలినప్పుడు కత్తి సరిగ్గా మాస్టారి కంఠం మీద ఉంది. కుర్చీ ఊగింది, అద్దం ఊగింది, మాస్టారు ఊగారు. బాబాయ్ చెయ్యి మాస్టారితో పాటే ఊగి, చర్మం మీద గీత కూడా పడకుండా పక్కకి జరిగింది. అంతే జరిగింది. కానీ బాబాయ్ చెప్పగా చెప్పగా దానికి చిలవలు పలవలు పుట్టి, చివరికి ఆయన భూకంపంలోనే గడ్డం పూర్తి చేసి, మీసం కూడా సరిచేసి పంపినట్టు స్థిరపడింది. మాస్టారు ఖండించలేదు. ఆయనకీ ఆ కథలో మంచి పాత్రే ఉంది మరి.

ఒక రోజు పొద్దున్న మందుల షాపాయన కుర్చీలో ఉన్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. బాబాయ్ కత్తి పెట్టబోతుంటే దాని అంచు అల్లల్లాడింది.

"కదులుతోంది! బయటికి పదండి!" అని బాబాయ్ ఒక్క కేక పెట్టాడు.

అందరూ దూకారు. మందుల షాపాయన మెడలో గుడ్డతో, సగం నురగతో రోడ్డు మధ్యన నిలబడ్డాడు. ఈ కేక విని పక్క కొట్ల వాళ్ళూ, మేడల మీది వాళ్ళూ దిగొచ్చారు. పళ్ళ అక్క తన కమలాలు దొర్లాయని చెప్పింది. ఒకాయనకి కాళ్ళ కింద జర్రుమన్నదట. తువ్వాలు పెద్దమనిషి, ఈసారి నిండుగా బట్టలు వేసుకుని, ఇది ఇదివరకటి వాటికన్నా పెద్దదని తేల్చాడు. లోపలికి వచ్చి టీవీ చూస్తే ఆ ఊసే లేదు. సాయంత్రం దాకా చూసినా లేదు.

"చిన్న చిన్నవి చెప్పరు వీళ్ళు. జనం కంగారు పడతారని దాచేస్తారు," అన్నాడు మందుల షాపాయన.

"యంత్రాలకి అందనిది బాబాయ్ చేతికి అందింది," అంది అక్క.

ఆ మాటతో బాబాయ్ నేల మీద నిలవలేదు. మర్నాటి నుంచి దారిన పోయేవాళ్ళు కూడా తొంగిచూసి, "బాబాయ్, ఇవాళ ఉంటుందంటావా?" అని అడిగి వెళ్ళేవాళ్ళు. ఆయన చెయ్యి గాలిలో చాచి, కళ్ళు మూసుకుని, "మధ్యాహ్నం దాకా ఫరవాలేదు" అనేవాడు. నవ్వకండి, ఆ మాట మీద ధైర్యంగా బట్టలు ఆరేసుకున్న వాళ్ళున్నారు.

ఆ వారంలోనే ఒకనాడు ఇంట్లో టీ తాగుతుంటే చేతిలో కప్పు సాసరు మీద టకటకలాడింది. "చూశావా, మళ్ళీ వచ్చింది!" అన్నాడు బాబాయ్ లేవబోతూ. పిన్ని లేవలేదు. తన కప్పు వంక చూసింది. అందులో టీ కదలకుండా ఉంది. ఆవిడ చెయ్యి చాచి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. భూకంపం ఆగిపోయింది.

పిన్ని మర్నాడే ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు చేతులు చాపమన్నాడు, గీతలు గీయమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు. ప్రాణానికేం భయం లేదు, వయసుతో కొందరికి వస్తుంది, మాత్రలతో తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు అన్నాడు. ఏం పని చేస్తారని అడిగితే బాబాయ్ నీళ్ళు నమిలాడు. పిన్నే చెప్పింది. డాక్టరు తెలియకుండానే తన గడ్డం తడుముకున్నాడు.

"చెప్పెయ్యి వాళ్ళకి," అంది పిన్ని ఇంటికొచ్చాక.

"ఏమని చెప్పను? చెప్పాక ఏ మనిషైనా నాకు మెడ అప్పగిస్తాడా?"

"అప్పగించకపోతే మిషనుతో జుట్టు కత్తిరించు. అదీ పనేగా!"

"నీకు తెలీదులే," అన్నాడు బాబాయ్. నిజానికి ఆవిడకి బాగా తెలుసు. కత్తి లేని రోజున ఆయన తన ముఖం తను అద్దంలో చూసుకోలేడు. ఆ ఒక్క భయంతోనే ఆయన ఎన్నడూ చెయ్యని పనికి దిగాడు.

వణుకు వచ్చే ముందు చిటికెన వేలు కొద్దిగా లాగేది. అది తెలియగానే కత్తి పైకెత్తి "కదులుతోంది!" అని అరిచేవాడు. గది ఖాళీ అయ్యేది. జనం వీధిలో తర్జనభర్జన పడుతున్నంతసేపూ లోపల ఒక్కడూ కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నిమురుకునేవాడు. అది కుదుటపడ్డాక గుమ్మంలోకి వచ్చి, "అయిపోయింది, రండి" అనేవాడు. వచ్చి మళ్ళీ తల వాల్చేవాళ్ళు. ఎవరికీ గాటు పడలేదు, అనుమానమూ రాలేదు. పైగా బయటికెళ్ళిన ప్రతిసారీ అందరికీ భూకంపం తెలుస్తూనే ఉంది. మందుల షాపాయన గ్లాసులో నీళ్ళు కూడా కదిలాయట!

ఇదంతా వెనక గదిలోంచి విని విని పిన్నికి ఒళ్ళు మండిపోయింది. "ఇంకొక్కసారి అబద్ధం అరిచావంటే నేనే వీధిలో నిలబడి చెప్తాను. నా మీద ఒట్టు" అని ఆయన చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. ఆ చెయ్యి అప్పుడు కూడా వణికింది.

మర్నాడు మాస్టారు కుర్చీలో ఉన్నారు. బెంచీ మీద టీవీ కింద పళ్ళ అక్క, ఆవిడ పక్కన మందుల షాపాయన. బాబాయ్ నురగ రాసి కత్తి తీశాడు. చెయ్యి ఊగింది. కత్తి కిందికి దించి, పళ్ళు బిగబట్టి, ఒట్టు గుర్తుచేసుకుని నోరు మూసుకున్నాడు. కాళ్ళు కూడా ఊగాయి. దేవుడా, కాళ్ళకి కూడా పాకిందా అనుకున్నాడు. అద్దంలో మాస్టారి ముఖం రెండుగా కనిపించింది. కళ్ళకి కూడానా!

"ఏదో కదులుతున్నట్టు లేదూ?" అన్నాడు మందుల షాపాయన.

"బాబాయ్ అరవలేదుగా. లారీ ఏదో పోతుంటుంది, కూర్చో," అంది అక్క.

వెనక తలుపు దభాలున తెరుచుకుంది. పిన్ని రెండంగల్లో వచ్చి అక్క జబ్బ పట్టుకుని బెంచీ మీంచి లాగి, "బయటికి నడవండి! కదులుతోంది, నిజంగా కదులుతోంది!" అని అరిచింది. మందుల షాపాయన ఎగిరి గుమ్మంలో పడ్డాడు. బాబాయ్ ఎడంచేత్తో మాస్టారిని లేపి బయటికి నడిపించాడు. స్టాండు గోడలోంచి ఊడి, టీవీ సరిగ్గా అక్క కూర్చున్న చోట పడి ముక్కలైంది.

వీధిలో అక్క రోడ్డు అంచున చతికిలబడింది. ముఖాన నెత్తుటి చుక్క లేదు. బాబాయ్ చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పేశాడు.

"ఇదొక్కటే నిజం. ఈమధ్య నేను అరిచినవన్నీ అబద్ధం. కదిలింది భూమి కాదు, నా చెయ్యి."

ఎవరూ నమ్మలేదు! "అదేం మాట బాబాయ్, నా గ్లాసులో నీళ్ళు కదిలితేనూ!" అన్నాడు మందుల షాపాయన. తువ్వాలు పెద్దమనిషి, తన కాళ్ళ కింద జర్రుమన్నదానికి ఎవరు జవాబు చెబుతారని నిలదీశాడు. చేసిన తప్పు ఒప్పుకోవడానికి బాబాయ్ వీధితో పోట్లాడాల్సి వచ్చింది. చివరికి కుడిచెయ్యి చాపి వాళ్ళ ముందు పెట్టాడు. అది దాని పని అది చేసుకుపోతోంది. అప్పటికి గానీ వాళ్ళు నమ్మలేదు.

"అంటే నిన్ను నమ్ముకునా నేను అక్కడ కూర్చుంది?" అంది అక్క. "నా నెత్తి మీద పడేది కదా బాబాయ్ అది!"

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత బాబాయ్ కత్తిని సొరుగులో పెట్టి తాళం వేశాడు. మిషనుతో క్షవరం చేయించుకోవడానికి మనుషులు వస్తూనే ఉన్నారు కానీ, పొద్దుటి పూట బెంచీ ఖాళీ. అక్క అటువైపు చూడటం మానేసింది. కమలాలు మళ్ళీ ఎత్తుగా పేర్చుకుని, ఆ గుట్ట వెనక మూతి ముడుచుకుని కూర్చునేది. బాబాయ్ పాత పేపర్లు దులిపి మళ్ళీ అదే కుర్చీలో పెట్టేవాడు. పిన్ని మిషను తొక్కడం ఆపి తొంగిచూసి, మళ్ళీ తొక్కేది.

నాలుగైదు రోజులు పోయాక మాస్టారు వచ్చారు. గడ్డం మాసి ఉంది. చేతిలో మందుల షాపులో కొన్న సేఫ్టీ రేజరు. వచ్చి ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నారు.

"ఇంట్లో గీసుకోవచ్చుగా మాస్టారూ," అన్నాడు బాబాయ్ తలెత్తకుండా.

"నిన్న ప్రయత్నించానయ్యా. ఇంట్లో గోడలు తప్ప ఎవరున్నారు? గడ్డం గీసుకుంటూ గోడలతో మాట్లాడమంటావా? నురగ రాయి."

బాబాయ్ ఎడంచేత్తో బ్రష్షు తీసి నురగ రాశాడు. అక్కడొకటి ఇక్కడొకటి ముద్దలుగా పడింది, చెవిలో కూడా కొంచెం పోయింది. మాస్టారు రేజరు పట్టుకుని అద్దంలోకి చూస్తూ జీవితంలో మొట్టమొదటి పరీక్ష రాయబోయే పిల్లాడిలా బిక్కమొహం వేశారు.

"చెంప మీద నుంచి మొదలెట్టండి. చర్మం రెండో చేత్తో లాగి పట్టుకోండి. అలా కాదు, చెవి వైపుకి. ఆఁ, ఇప్పుడు కిందికి."

మొదటి గీతకే చిన్న గాటు పడింది. ఆ కుర్చీలో ఇన్నేళ్ళలో పడిన తొలి నెత్తురు చుక్క అది. ఇద్దరూ అద్దంలో దాన్ని చూసి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. పిన్ని దూది తెచ్చి అద్ది వెళ్ళింది.

చెంపలు అయ్యాయి. ఎలా అయ్యాయని అడక్కండి, అయ్యాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి మాస్టారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఇక్కడ నావల్ల కాదయ్యా. చూడు, చెయ్యి వణుకుతోంది."

బాబాయ్ వచ్చి కుర్చీ వెనకాల నిలబడ్డాడు. ఎడం అరచెయ్యి మాస్టారి తల కింద పెట్టి మెల్లగా వెనక్కి వాల్చాడు.

"వణకనివ్వండి," అన్నాడు. "మెల్లగా కానివ్వండి. నేను చెప్తాగా."