పక్కింటి అక్క మూడో మాట

నా చిన్నప్పుడు, మేము మస్కట్‌లో ఘుబ్రాలో ఉన్న రోజుల్లో, మా బిల్డింగ్ మొత్తానికి పాటలు పాడే పిల్ల అంటే నేనొక్కదాన్నే. ఎవరింట్లో పుట్టినరోజైనా, ఎవరైనా సెలవు మీద ఇండియా వెళ్తూ ప్రార్థన పెట్టించుకున్నా, చివర్లో నన్ను నిలబెట్టి ఒక పాట పాడించేవారు. మా అమ్మ హాస్పిటల్లో నర్సు. నాన్న ఒక కంపెనీలో స్టోర్ చూసేవాడు. మాది కోస్తాలో కాలవ గట్టు మీద ఊరు. అమ్మ గొంతే నాకొచ్చిందని అందరూ అంటుంటే అమ్మ నవ్వి ఊరుకునేది. శుక్రవారం ఆరాధనలో మా తెలుగు వాళ్ళ క్వయర్‌కి ముందు వరుస నాది. క్రిస్మస్ రోజు ఒంటరిగా పాడే పాట కూడా మూడేళ్ళ నుంచి నాదే. ఆ పాటను ఇంకెవరైనా పాడొచ్చన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు.

నాకు పదేళ్ళు నిండిన ఏడాది పక్క ఫ్లాట్‌లోకి ఒక అక్క దిగింది. వచ్చిన రోజే మా తలుపు తట్టి, గ్యాస్ బండ ఎక్కడ దొరుకుతుందని హిందీలో అడిగింది. అమ్మ లోపలికి తిరిగి నాన్నతో తెలుగులో ఏదో అనేసరికి ఆమె మొహం వెలిగిపోయింది. భద్రాచలం దాటాక అడవిలో ఒక కోయగూడెం ఆమెది. ఇంట్లో మాట్లాడేది కోయ, బడిలో నేర్చింది తెలుగు, మిషన్ హాస్టల్లో అబ్బింది ఇంగ్లీషు. ఆ హాస్టల్ నడిపిన దొరసాని గిటార్ నేర్పి, తను చిన్నప్పుడు విన్న అమెరికా పల్లెటూళ్ళ పాటలన్నీ ఈమె చేత పాడించిందట. వాటిని కంట్రీ పాటలంటారని నాకు అప్పుడే తెలిసింది. గుర్రాలు, పొడుగాటి రోడ్లు, లారీ డ్రైవర్లు, ఇంటి మీద బెంగ, అన్నీ ఉండేవి వాటిలో. ఆ పాటలతోనే అక్క హైదరాబాదులో ఒక హోటల్లో కుదిరి, అక్కడి నుంచి మస్కట్‌లో ఒక పెద్ద హోటల్‌కి కాంట్రాక్టు మీద వచ్చింది.

హోటల్లో ఆమెకి అంచులు వంగిన టోపీ, మోకాళ్ళ దాకా బూట్లు ఇచ్చారు. ఎవరైనా అడిగితే ఫిలిప్పీన్స్ అని చెప్పమన్నాడట మేనేజరు. బోర్డు మీద రాసిన పేరు కూడా ఆమెది కాదు. ఇవన్నీ అమ్మకు చెప్పుకుంది. అక్కని ఆరాధనకి తీసుకెళ్ళినప్పుడు అమ్మే జాగ్రత్తపడి, హోటల్లో ఉద్యోగం అని మాత్రం చెప్పి ఊరుకుంది. వినేవాళ్ళు రిసెప్షన్ అనుకున్నారు. అమ్మా, అక్కా అనుకోనిచ్చారు.

మొదట్లో నాకు అక్కంటే ఇష్టమే. స్కూలు బస్సు దిగేసరికి అమ్మ డ్యూటీలో ఉంటే ఆమె దగ్గరే కూర్చునేదాన్ని. నా ఇష్టం ఎక్కడ విరిగిందో నాకు బాగా గుర్తుంది. ఒక మధ్యాహ్నం అమ్మ సెలవులో ఉంది. అక్క మా హాల్లో నేల మీద కూర్చుని ఒక పాట పాడింది. అమ్మ గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. పాట అయిపోయాక కూడా కాసేపు తెరవలేదు. నేను పాడేటప్పుడు అమ్మ నన్నే చూసేది, నా చున్నీ సరిచేసేది, మాట మర్చిపోతే అందించేది. నా పాటకి ఎన్నడూ కళ్ళు మూసుకోలేదు.

అప్పటి నుంచి నేను అన్నీ లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. చేపల పులుసు పెడితే మొదటి గిన్నె పక్కింటికి పోతోంది. అమ్మ నోట రోజుకి ఎన్నిసార్లు అక్క మాట వస్తోందో చూసుకునేదాన్ని. నేను పాట మొదలుపెడితే, "అక్కలాగా నిదానంగా పాడమ్మా, ఎందుకా పరుగు?" అనేది. అద్దం ముందు అక్కలాగా తల పక్కకి వంచి పాడి చూసుకుని, నా మీద నాకే అసహ్యం వేసి ఏడ్చాను కూడా.

అప్పటికి అక్క కూడా క్వయర్‌లో చేరింది. నవంబరు చివర్లో క్వయర్ నడిపే ఆంటీ నన్ను దగ్గరికి పిలిచి గడ్డం పట్టుకుంది. "బంగారం, ఈ ఏడు సోలో అక్క పాడుద్ది. నువ్వు వెనకాల అందుకో. సరేనా?" సరేనన్నాను. తల కూడా ఊపాను. మరుసటి శుక్రవారం ప్రాక్టీసు అయ్యాక, ఆంటీ ఒక్కతే కప్పులు కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏం చెయ్యబోతున్నానో నాకు తెలుసు. చిన్నపిల్లనని, తెలియక చేశానని ఈ వయసులో కూడా చెప్పుకోలేను.

"ఆంటీ, అక్క హోటల్లో రిసెప్షన్ కాదు. స్టేజీ మీద పాడుద్ది. టోపీ పెట్టుకుని. అక్కడ అందరూ తాగుతారంట."

ఆంటీ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "నీకెవరు చెప్పారే?" అంది. నేను అక్కడి నుంచి వచ్చేశాను.

వారం తిరక్కుండా సంఘం పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కని ఎవరూ తిట్టలేదు, రావద్దనలేదు. వెనక కూర్చోమన్నారు, పాడొద్దన్నారు. ఆమె ఒక శుక్రవారం వెనక కూర్చుంది. తరవాత రావడం మానేసింది. సోలో నా దగ్గరికి తిరిగొచ్చింది. అమ్మ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఎవరు చెప్పుంటారు, ఎవరికి తెలుససలు అని నాన్నతో అంటుంటే, నేను పుస్తకంలో తల దూర్చి ఒకే పేజీ చూస్తూ ఉండేదాన్ని. గెలిచాను కదా, కుళ్ళు పోవాలి కదా. పోలేదు. అక్క ఆ వెనక బెంచీలో తలెత్తుకుని కూర్చున్న తీరు మీద కూడా నాకు కుళ్ళే పుట్టింది.

క్రిస్మస్‌కి పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం, అమ్మ డ్యూటీకి పోతూ నన్ను అక్క దగ్గర వదిలింది. అక్క టేప్ రికార్డరులో ఒక క్యాసెట్ పెట్టింది. హోటల్లో డ్రమ్స్ వాయించే గోవా ఆయన ఇచ్చాడట. ఒక ముసలి గొంతు, ఒక గిటారు, అంతే. చాలా నిదానంగా, నడవలేక నడుస్తున్న మనిషిలాగా ఉంది పాట. దీన్ని బ్లూస్ అంటారని, అమెరికాలో నల్లవాళ్ళ కష్టంలోంచి పుట్టిందని చెప్పింది. "మా గూడెంలో ఆడోళ్ళు పాడినట్టే ఉంది పాపా. ఇన్నేళ్ళూ ఎవరివో గుర్రాల పాటలు పాడిన. ఇది ఇంటుంటే మా అమ్మ యాదికొచ్చింది," అంది.

తరవాత గిటార్ ఒళ్ళోకి తీసుకుని, "ఒక ఆట ఆడదామా?" అని అడిగింది. ఆట ఏమిటంటే, ఒక మాట పాడాలి. అదే మాట మళ్ళీ పాడాలి. ఆ రెండుసార్లూ ఏం చెప్పినా ఫర్వాలేదు. మూడో మాట మాత్రం నిజం అయ్యుండాలి. ఆమె వాయిస్తూ ఉంటుంది, మధ్యలో ఆగకూడదు.

ముందు నేను హోంవర్కు చాలా ఉందని రెండుసార్లు పాడి, మూడోసారి, అసలు పుస్తకమే స్కూల్లో మర్చిపోయానని పాడాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. తన వంతు వచ్చింది. పక్కింట్లో అమ్మ పిల్లని అన్నానికి పిలుస్తుందని పాడింది. పక్కింట్లో అమ్మ పిల్లని అన్నానికి పిలుస్తుందని మళ్ళీ పాడింది. మూడో మాటకి గొంతు కిందికి దిగింది. ఆ పిల్లని చూస్తే నాకు కుళ్ళు అని పాడింది.

ఆమె అమ్మ అంతకుముందు ఏడాది పోయిందనీ, హైదరాబాదు హోటల్లో సెలవు దొరక్క అక్క వెళ్ళలేకపోయిందనీ నాకు తెలుసు. కానీ పెద్దవాళ్ళు పిల్లల మీద కుళ్ళుకుంటారని, అది బయటికి చెప్పుకుంటారని తెలియదు. గిటార్ ఆగలేదు. నా వంతు వచ్చేసింది.

అక్క పాడితే అమ్మ కళ్ళు మూసుకుంటుందని పాడాను. అదే మళ్ళీ పాడాను. మూడో మాట నోట్లోకి వచ్చేశాక ఇక మింగలేకపోయాను. ఆంటీకి చెప్పింది నేనే అని పాడాను. పాడానంటే, అది ఏడుపే.

అక్క వాయించడం ఆపలేదు. ఆ వరస పూర్తయ్యేదాకా వాయించి, అప్పుడు తీగల మీద అరచెయ్యి పెట్టింది.

"నాకెరుకే," అంది.

"ఎలా తెలుసు?"

"ఆ దినం సంది నువ్వు నా మొహం చూడట్లేదు గదా."

"నా మీద కోపం లేదా అక్కా?"

"ఎందుకుండదు? మస్తుంది." నా ముక్కు తన చున్నీతో తుడిచింది. "చూడు పాపా. కుళ్ళు అందరికీ ఉంటది. లోపల దాచిపెడితే చేతల్లోంచి బయటికొస్తది. నువ్వు చేసింది అదే. నోట్లోంచి రానియ్యాలె. వచ్చినంక సిగ్గైతది గానీ, ఎవరికీ దెబ్బ తగలదు. మీ అమ్మకి నేను చెప్ప. నువ్వే చెప్పుకో."

ఆ సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. ఆ పూట అన్నం తినలేదు. మరుసటి శుక్రవారం నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆంటీ ముందు నిలబెట్టింది. నేను కుళ్ళుతో చెప్పాననీ, పాట అక్కదేననీ ఒప్పుకున్నాను. ఆంటీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ పెద్దలు తీసుకున్న నిర్ణయం, తన చేతుల్లో లేదు అంది. ఒప్పుకుంటే అన్నీ సర్దుకుంటాయని నేను అనుకున్నాను. అవేమీ సర్దుకోలేదు. క్రిస్మస్ రోజు సోలో నేనే పాడాల్సి వచ్చింది. ఒక్క మాట కూడా తప్పలేదు. అమ్మ మూడో వరుసలో కూర్చుని, కళ్ళు తెరుచుకునే, నన్నే చూస్తూ ఉంది.

అక్క మాత్రం ఆ దెబ్బతో ఆగలేదు. ఇంక దాచాల్సింది ఏమీ మిగల్లేదు కదా అంది అమ్మతో. మేనేజరు దగ్గరికి వెళ్ళి బ్లూస్ పాడతానని అడిగింది. నెల రోజులు వెంటపడితే ఒక్క గురువారం, సాయంత్రం భోజనాలు మొదలయ్యే వేళ ఒక అరగంట ఇచ్చాడు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇద్దరినీ తీసుకెళ్ళాడు. అంత మెత్తటి కుర్చీల్లో మేము ఎప్పుడూ కూర్చోలేదు.

అక్క టోపీ లేకుండా వచ్చింది. మామూలు నూలు చీర, జడ. మైకు ముందు తన అసలు పేరు చెప్పింది, ఊరు చెప్పింది, నేను కోయదాన్ని అని ఇంగ్లీషులో చెప్పింది. తరవాత మొదలుపెట్టింది. పాట ఇంగ్లీషులోనే, కానీ ప్రతి మూడో మాటా కోయలో. ఆ భాష అక్కడ ఒక్కరికీ రాదు. అయినా రెండు మాటలు విన్నాక మూడోది నిజమని అందరికీ తెలిసిపోతున్నట్టే ఉంది. గుర్రాల పాటలు అడిగిన ఒక బల్ల వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఒక ఒమానీ పెద్దాయన చెంచా కింద పెట్టి, మళ్ళీ తీసుకోలేదు. అమ్మ కళ్ళు మూసుకుంది. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. పుట్టిందని ఈసారి అమ్మ చెవిలో చెప్పేశాను. అమ్మ కళ్ళు తెరవకుండానే నా చెయ్యి నొక్కి, "నాక్కూడానే. నేను కూడా పాడదామనుకున్నాను ఒకప్పుడు," అంది.

అమ్మ పాట గురించి నాకు తెలిసిన మొత్తం సంగతి ఆ ఒక్క మాటే.

మేనేజరుకి ఆ అరగంట నచ్చలేదు. ఎండలు ముదిరే నాటికి కాంట్రాక్టు అయిపోయింది, కొత్తది రాలేదు. అక్క ఇండియా వెళ్ళిపోయింది. బెంగుళూరులో ఎవరితోనో కలిసి బ్లూస్ పాడుతోందని ఒక ఉత్తరం వచ్చింది. తరవాత ఉత్తరాలూ ఆగిపోయాయి. టోపీ పెట్టుకుని పాడితే ఇంకా నాలుగు దేశాలు తిరిగేదని నాన్న అనేవాడు. అమ్మ ఒప్పుకునేది కాదు.

నాకిప్పుడు యాభై దాటింది. అమ్మలాగే నర్సునై, మస్కట్‌లోనే బౌషర్‌లో ఉంటున్నాను. ఆ మధ్య మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. జుట్టంతా తెల్లబడ్డ అక్క, కుర్చీలో కూర్చుని గిటార్ వాయిస్తోంది. చివర్లో ఎవరో అడిగారు, కంట్రీ నుంచి బ్లూస్‌కి ఎలా మారారని. డ్రమ్మరు ఇచ్చిన క్యాసెట్ గురించి చెప్పింది. వాళ్ళ అమ్మ గురించి చెప్పింది. ఘుబ్రా మాట రాలేదు. మా అమ్మ మాట రాలేదు. నా మాట అసలే రాలేదు.

ఎవరో ముక్కూ మొహం తెలియని డ్రమ్మరు మీద నాకు ఈ వయసులో కుళ్ళు పుట్టింది. వీడియోలో ఏముందమ్మా, అలా అయిపోయావు అని మా అమ్మాయి అడిగింది. ఏమీ లేదని చెప్పబోయాను. ఆమె గొంతు పాడైపోయిందన్నాను. గొంతు పాడైపోయిందని మళ్ళీ అన్నాను. మూడో మాట దగ్గర ఆగి, మా అమ్మాయి మొహంలోకి చూసి, ఆమెకి నేను గుర్తుండాలని ఉందే అని చెప్పాను.