భుజం దులుపుకునే కాజాలమ్మ

దర్జీ కొట్టులో కాజాలు కుట్టే ఆవిడకు యాభై దాటాయి. పేరెవరికీ పట్టలేదు, కాజాలమ్మ అంటారు. గొంతు మాత్రం పుట్టుకతోనే గరుకు. ఆరేళ్ళప్పుడు బళ్ళో పాఠం అప్పజెప్పబోతే పిల్లలంతా "కాకి, కాకి" అని ఎగిరారు. ఏడుస్తూ ఇంటికొస్తే నాయనమ్మ భుజం దులిపి, "తిట్లు ఒంటికి అంటవే, దులిపేస్తే పోతాయి" అంది. తిట్టు తినని వాళ్ళకు ఇలాంటి సుద్దులు ఎంత తేలికో!

పిల్ల నమ్మింది. దులుపుకుంది. పోలేదు. దులుపుకోవడం తనకే చేతకాలేదనుకుని నోరు కట్టేసుకుంది. బడి మానేసింది. సంబంధం చూడవచ్చిన వాళ్ళు మూగదనుకుని లేచి వెళ్ళిపోయారు.

సూదికీ గుండీకీ మాటతో పనిలేదు గనుక కొట్టులో రోజులు గడిచాయి. సాయంత్రం అందరూ బట్టలకంటిన దారప్పోగులు దులుపుకుని వెళ్తారు. ఈవిడ ఎడమ భుజం మరో నాలుగుసార్లు దులుపుకునేది.

"ఇంకేముందమ్మా అక్కడ?" అని కత్తిరింపుల మాస్టరు నవ్వేవాడు. ఆవిడ తలూపేది, అంతే.

మొన్నామధ్య తమ్ముడి కూతురు బడినుంచి నేరుగా కొట్టుకొచ్చింది. దానిదీ మేనత్త గొంతే.

"అత్తా, నన్ను కప్ప అన్నారు. రేపట్నించి బళ్ళో నోరు తెరవను."

కాజాలమ్మ చెయ్యి దానంతటదే పిల్ల భుజం మీదికి పోయింది.

"పోయిందా?" అంది పిల్ల.

అవునంటే ఇంకో నోరు మూతబడుతుంది.

"పోదే," అంది కాజాలమ్మ. "నాకంటింది ఇంకా ఉంది. నోరు మూసుకుంటే మరీ బిగుస్తుంది, పిచ్చిమొహమా. పుస్తకం తియ్యి. నువ్వు చదువు, నేను వెంట అంటా. గట్టిగా!"

కాకీ కప్పా కలిసి చదివాయి. మిషన్లు ఆగిపోయాయి. మాస్టరు కత్తెర పట్టుకుని నోరెళ్ళబెట్టాడు.

"అమ్మో! ఇన్నాళ్ళూ ఈ గొంతెక్కడ దాచావమ్మా? లారీ హారను దీని ముందు దిగదుడుపే!"

అందరూ నవ్వారు. పిల్ల పకపకా నవ్వి, "రేపు ఇంకా గట్టిగా చదువుతా" అని సంచి ఊపుకుంటూ పోయింది.

నవ్వలేనిది ఆవిడొక్కతే. చెయ్యి భుజందాకా వెళ్ళి, తిరిగి సూది పట్టుకుంది.

ఆ సాయంత్రం గది తాళం తీసి, "వచ్చాను" అంది, పైకే. లోపల ఒక మంచం, ఒక కుర్చీ. పలికేవాళ్ళు లేరు. తలుపేసుకుని, "వచ్చానని చెప్పానా!" అంది, ఇంకొంచెం గట్టిగా.