చింతపండుతో తోమిన తూటాలు

ఇత్తడి నల్లబడితే చేయి చింతపండు కోసం వెతకడం మనవాళ్ళ రక్తంలోనే ఉంది. వోల్ఫ్స్‌బర్గ్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి కెల్లర్‌లో, అంటే నేల కింది గదిలో, బట్టలు ఉతికే మెషీన్ ఉంది. ఒక శనివారం దిగి చూస్తే, పక్కనున్న బల్ల మీద గిన్నెడు ఇత్తడి గొట్టాలు మసి పట్టి కనిపించాయి. చిటికెన వేలంత కూడా లేవు. అవి పేలిపోయిన తూటాల ఖాళీ తొడుగులని, నాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన చెప్పాడు.

ఇంటాయనకు డెబ్బై దాటాయి. భార్య పోయాక కింది అంతస్తులో ఒక్కడే ఉంటున్నాడు. పైన నేను ఒక్కదాన్నే. ఒకే ఇంట్లో ఇద్దరం ఒంటరివాళ్ళం, మెట్ల మీద ఎదురైనప్పుడల్లా వాతావరణం గురించి ఒక ముక్క అనుకుని ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవాళ్ళం. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు. నేనేమన్నా తక్కువా, నాకు వచ్చిన జర్మన్ మీటె, అంటే అద్దె, కట్టడానికీ, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడగడానికీ సరిపోయేదే.

ఆయన వేటగాడు. కాలువ గట్లకు బొరియలు పెట్టి కట్టలు తెంచే, పిల్లికంటే పెద్ద నీటి ఎలుకలుంటాయి ఇక్కడ. వాటిని కాల్చడం ఆయన పని. సన్న గొట్టం తుపాకీ, చిన్న గుండు. అంగట్లో దొరికే తూటాలు ఆయనకు పనికిరావు. ప్రతి తుపాకీకీ దాని నోటికి పట్టే పేలుడు మందు పాళ్ళు వేరట, ఆ పాళ్ళు తెలుసుకుని తూటా మనమే కట్టుకోవాలట. "గుండు వేలెడు పక్కకు పోతే ఆ జంతువు చావదు, బాధపడుతుంది. అది నాకు ఇష్టం లేదు" అన్నాడు. నేను చికెన్ తినేదాన్ని, ఆయనకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

గుప్పెడు గొట్టాలు అడిగి పైకి తెచ్చుకున్నాను. చింతపండు పులుసులో నానేసి, తోమి, కడిగి, హీటర్ మీద పాత తువ్వాలు పరిచి ఆరబెట్టాను. మర్నాడు తీసుకెళ్తే, భూతద్దం పెట్టి ఒక్కొక్కదాని లోపలా బయటా చూశాడు. వాసన చూశాడు. చింతపండుతో తోమానంటే, "అదేం కాయ?" అని అడిగాడు. వంటలో వేసుకుంటామంటే నమ్మలేదు. చివరికి, "ఇంకా ఆరాలి. లోపల చెమ్మ ఉంటే మందు పాడవుతుంది" అని, వచ్చే శనివారం ఎన్నింటికి వస్తారని అడిగాడు. జర్మనీకి వచ్చాక నన్ను పనిగట్టుకుని రమ్మన్న ఇక్కడివాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

అలా మొదలైంది. గొట్టాలు తోమడం, వాటి మూతులు సమంగా గీయడం, తూచి ఒకే బరువున్నవి వేరుచేయడం నా పని. మందూ గుండూ ఆయన పని. లైసెన్సు ఉన్నవాళ్ళే మందు ముట్టాలని ఇక్కడి చట్టం, నేను ముట్టుకోబోతే కళ్ళెర్రజేసేవాడు. ఆయన పెట్టిన నియమాలు రెండు. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. ఆ డబ్బా మూత తీసినప్పటి నుంచి మళ్ళీ పెట్టేదాకా గదిలో ఎవరూ మాట్లాడకూడదు. మాట వస్తే మనసు చెదురుతుంది, మనసు చెదిరితే కొలత తప్పుతుంది, కొలత తప్పితే తుపాకీ మొహం మీదే పగులుతుంది.

నవ్వొచ్చేది నాకు. మాట్లాడే మనిషి కోసం మొహం వాచి ఉన్న నాకు దొరికిన ఒక్క తోడూ మూగనోము పట్టాడు. కానీ ఆ నిశ్శబ్దం నా గదిలో నిశ్శబ్దం లాంటిది కాదు. ఆయన త్రాసులోకి మందు ఒక్కో పలుకూ రాల్చేవాడు, నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. నా గదిలో నేను మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. ఇక్కడ నేను దగ్గితే ఒక మనిషి తల ఎత్తి చూస్తాడు. ఆ తేడా చాలు, వారమంతా బతకడానికి.

అమ్మది కరీంనగర్ వైపు. ఫోన్‌లో చెబితే హడలిపోయింది. "తూటాలు తోముడేందే? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఖాళీవే అమ్మా. చింతపండుతోని తోముతున్న."

"సిగ్గు లేకుంటే సరి. పండుగకు దేవుని సామాన్లు తోమమంటే చేతులు నొస్తున్నయంటుంటివి, ఇప్పుడు వాళ్ళ తుపాకులకు తోముతున్నవా?"

ఆఫీసులో తెలుగు స్నేహితురాలు కూడా పోరు పెట్టేది. "సాటర్డే పాట్‌లక్‌కి రావేంటక్కా? అందరూ అడుగుతున్నారు." అందరూ అడిగేది నా పెళ్ళెందుకు నిలబడలేదని. పులిహోర తింటూ ఆ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. నాకు కెల్లరే బాగుండేది.

ఆ చలికాలం ఆయనలో ఏదో మారింది. అడిగిందే అడిగేవాడు. నేను టీలో చక్కెర వేసుకోనని తెలిసీ వేసేవాడు. తాళం చెవి చేతిలో పెట్టుకుని దానికోసమే జేబులు తడిమేవాడు. వయసు కదా అనుకున్నాను, లేదా అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది. ఇది ఎటు పోతోందో నాకు తెలుసు. ఆయన తూటాలు కట్టడం మానేస్తే నాకు శనివారాలు ఉండవు. నా భయమంతా అదే.

తరువాత ఒక శనివారం, మామూలుగానే మందు కొలుస్తున్నాడు. నేను తోమిన గొట్టాలు చెక్క పలకలోని గుంటల్లో నోళ్ళు పైకి పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో సగం గొట్టాల్లో మందు పడింది. అప్పుడు చూశాను, ఆయన మోచేతి పక్కనున్న డబ్బా మీద చీటీ పసుపు రంగులో ఉంది. మా తూటాలకు వాడే మందుది ఆకుపచ్చ చీటీ. పసుపుది ఆయన పిస్తోలుకు వాడేది, భగ్గుమని మండే రకం. రెంటినీ కలపకూడదనే ఒక్క డబ్బా నియమం. ఆ రోజూ బల్ల మీద ఒక్క డబ్బానే ఉంది. ఆ ఒక్కటే తప్పుది.

నోరు విప్పితే ఇంతటితో అంతా అయిపోతుందని తెలుసు. ఆయన ఇంకో కొలత పోశాడు. ఆ గొట్టం రేపు కాలువ గట్టు మీద ఆయన చెంప పక్కన పేలుతుంది.

"ఆగండి. అది పసుపు చీటీ డబ్బా" అన్నాను.

మూత తీసి ఉండగా ఆ గదిలో ఎవరైనా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయనకు కోపం రాలేదు, వస్తే బాగుండేది. డబ్బా దగ్గరికి తీసుకుని చీటీని చాలాసేపు చదివాడు, చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లాడిలా. మూత పెట్టాడు. పోసిన మందంతా పారేయడానికి ఒక గిన్నెలోకి వంపేశాడు. "ఈ రోజుకు చాలు" అని నా వైపు చూడకుండానే పైకి వెళ్ళిపోయాడు.

తరువాతి వారాల్లో ఎవరో వేటగాడు కారేసుకుని వచ్చి బల్ల మీది, తూటాలు నొక్కి కట్టే యంత్రం విప్పుకుపోయాడు. తుపాకీ కూడా ఇంటాయన అతనికే ఇచ్చేశాడని, లైసెన్సు కాగితాలు ప్రభుత్వ ఆఫీసులో అప్పగించాడని అతని ద్వారానే తెలిసింది. నేను తట్టినా ఆయన తలుపు తీయలేదు. శనివారం శనివారం నేను బట్టల బుట్టతో దిగి, మెషీన్ వేసి, ఖాళీ బల్ల ముందు నిలబడేదాన్ని. నా మీద నాకే ఒళ్ళు మండేది. నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది అనుకునేదాన్ని. పోయేది ఆయన కళ్ళో, ప్రాణమో. అది తెలిసీ ఏడుపొచ్చేది, నిజం చెప్పాలంటే నా కోసమే ఏడ్చాను.

ఒక రోజు పొద్దున నా తలుపు బెల్లు మోగింది. ఆయనే. మెట్లెక్కి నా అంతస్తుకు రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బేకరీ సంచీ ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"మీ మీద కోపం అనుకున్నారేమో. కాదు" అన్నాడు. "చాలా రోజులుగా తప్పులు చేస్తున్నానని నాకు తెలుసు. ఎవరైనా చెబుతారా అని చూశాను. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు కదా."

లోపలికి రమ్మన్నాను. వచ్చి, ఎక్కడ కూర్చోవాలా అని గదంతా చూశాడు. అప్పుడు నేనూ చూశాను. ఇన్నేళ్ళుగా నా ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ. రెండోది కొనాలన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. సిగ్గుతో మొహం వేడెక్కింది. కూర్చోమని ఆయనకు చూపించాను, ఆయన నాకు చూపించాడు. చివరికి టీ పెట్టి, వంటగట్టు దగ్గర ఇద్దరం నిలబడే తాగాం.