పై గది

కర్నూలులో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు మా నీళ్ల సెక్షన్‌కు ఒక ఇంజనీరు సారు ఉండేవాడు. ఎవరేం చెప్పుకున్నా ముందు నవ్వేవాడు. నవ్వాకే వినేవాడు.

కరెంటు పోయినా, ఆపద వచ్చినా ఊరికి నీళ్లు ఆగకుండా ఏం చేయాలని ఒకసారి మీటింగు పెట్టారు. జనరేటరును పంప్‌హౌస్ పై గదిలో పెడదామని ఫోర్‌మన్ అన్నాడు. పై గది సారు విశ్రాంతి గది.

"మునిగేంత నీళ్లు ఈడ యాడివప్పా? బిందెడు నీళ్లకే కొట్టుకుంటాండారు!" అని సారు నవ్వాడు. జనరేటరు కిందనే ఉండిపోయింది.

ఆ ఏడే తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. జనరేటరు మునిగింది. వరద తీశాక వీధుల నిండా బురద, కొళాయిల్లో చుక్క లేదు. ఒక ముసలామె ఖాళీ బిందెతో ఆఫీసుకొచ్చింది.

"మనవడు బురదనీళ్లు తాగి వాంతులు చేసుకుంటాండాడు సారూ. ఒక్క బిందె మంచినీళ్లు ఇప్పించు."

"నిన్నటిదాకా ఇంటి నిండా నీళ్లే గదమ్మా, పట్టి పెట్టుకోకపోతివా?" అని సారు నవ్వాడు.

ఆ పిల్లవాడు పెద్దాసుపత్రిలో చనిపోయాడు.

కొత్త జనరేటరును సారే దగ్గరుండి పై గదికి ఎక్కించి, టెంకాయ కొట్టాడు. "ముందుచూపు ఉండల్ల సార్" అని పైఅధికారికి చెప్పాడు.

అందరూ వెళ్లాక, ఆ ముసలామె గుర్తుందా అని అడిగాను.

"ఎవరప్పా?" అన్నాడు. నిజంగానే ఆయనకు గుర్తులేదు.