కుల్సుం చాట

కుల్సుమక్క గురించి ఒక పెద్దమనిషి పుస్తకంలో రాశాడు. పేరు కూడా వేయలేదు, "గురజాలలో బీడీలు చుట్టే ఒకామె" అని మొదలుపెట్టి ఒకటిన్నర వాక్యంలో తేల్చేశాడు. చదివినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. ఆమె బీడీలు చుట్టలేదు మహాప్రభో! చుట్టలేదు కాబట్టే ఆ కథంతా జరిగింది. ఆ సంగతైనా కనుక్కోకుండా ఏం రాసినట్టు?

కారం మిల్లులో పనిచేస్తుండగా బెల్టులో పడి ఆమె కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. మిల్లువాళ్లు ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చి వదిలేశారు. మొగుడు అంతకుముందే నడికుడిలో రైలెక్కి పోయాడు, మళ్లీ జాడ లేదు. ఏడో తరగతి దాకా చదువుకుంది, గొంతు ఖంగుమంటుంది. అందుకని మా బీడీల షెడ్డులో ఆడవాళ్లు ఆమెను పిలిచి పీట వేసి కూర్చోబెట్టారు. మేం ఆకు కత్తిరించి, పొగాకు పోసి చుడుతుంటే ఆమె పేపరు చదవాలి. ఆ చదువు సాగినంతసేపూ ఒక చాట వరసల మధ్య తిరిగేది. ఎవరికి తోచినన్ని బీడీలు వాళ్లు అందులో వేసేవాళ్లు. సాయంత్రం వాటిని కట్టలు కట్టి, కుల్సుం పేరున రాయించి, కూలి ఇప్పించేవాళ్లు. చదువు చప్పగా సాగిన పూట చాట తేలిగ్గా వచ్చేది. అది ధర్మం కాదు, కూలి. మా అమ్మ కోటమ్మ ఆ షెడ్డులోనే చుట్టేది. ఇంటర్ తప్పి నేనూ ఆమె పక్కన చేరాను.

ఎనభై తొమ్మిది నవంబరులో బెర్లిన్ గోడ కూలిన వార్త కుల్సుమక్కే చదివింది. మాలో ఎర్రజెండా యూనియన్ మనుషులున్నారు, రష్యా అంటే ప్రాణం పెట్టేవాళ్లు. జాన్‌బీ అయితే ఏడ్చినంత పని చేసింది. "ఆపమాకే కుల్సుం, ఆనక ఏమైందో చదువు" అంది అమ్మ. ఇక రోజూ అదే వార్త, ఇవాళ ఆ దేశం, రేపు ఈ దేశం. చాట మాత్రం నిండుగానే తిరిగింది.

డిసెంబరులో ఆ పెద్దమనిషి త్రికోటేశ్వరరావు దిగాడు. నరసరావుపేట పక్క ఊరివాడే, హైదరాబాదులో ప్రొఫెసరు. సోషలిజం పోయిన చోట మనుషులూ, వాళ్ల అలవాట్లూ ఎట్లా మారతాయన్నది ఆయన పరిశోధన. ఆ దేశాలను నమ్ముకున్న మాలాంటి వాళ్లు ఏమవుతారో కూడా చూస్తాడట. కాంట్రాక్టరు బసవయ్య పని ఆపించి, కుర్చీ వేయించి మరీ మాట్లాడించాడు. పని ఆగితే పోయేది మా కూలే కదా, ఆయనకేం!

పండితులు రెండు రకాలట. ఆ దేశాలన్నీ ఒకే దారిన నడిచి మార్కెట్టుకు చేరతాయి, పాత అలవాట్లు దారిలో రాలిపోతాయి అంటారట కొందరు. అవి రాలవు, మనుషులు వాటినే ఆసరా చేసుకుని కొత్త రోజుల్ని ఈదుతారు అంటారట ఇంకొందరు. తను మొదటి రకం. అంతటితో ఊరుకోవచ్చు కదా! మా చాట వైపు చెయ్యి చూపించి, "ఇదిగో, ఇట్లాంటివే. ఇది పాత కాలం తాలూకు మిగులు. ఎవరూ తీసేయక్కర్లేదు, దానంతటదే పోతుంది" అన్నాడు. కుల్సుమక్క పీట మీదే ఉంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

బసవయ్యకు అంతకంటే ఏం కావాలి? ఈ పేపరు చదువుల వల్లే ఆడవాళ్లు కూలి పెంచమంటున్నారని ఆయన కడుపుమంట ఏనాటిదో.

"ఇన్నారా? అంత చదివినాయనే చెప్పాడు. రేపట్నుంచి పేపరూ లేదు, గీపరూ లేదు. రేడియో పెట్టిస్తా. చాటలో బీడీ ఏసినదాని కట్టలన్నీ బాలేవని ఏరి పారేస్తా, కూలి రాదు, చెబుతున్నా!"

తన మాట తీసుకుని ఎదుటే ఒక మనిషి కూడు లాగేస్తుంటే, ఆ ప్రొఫెసరు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పీట మీద రేడియో ఉంది. కుల్సుమక్క గుమ్మం బయట, చెప్పుల దగ్గర నిలబడింది, చంకలో పేపరుతో. రమ్మన్నా లోపలికి రాలేదు.

"మీ కట్టలు పోతయ్యి, వద్దులేమ్మా. నేనేదో చూసుకుంటా."

ఏం చూసుకుంటుంది, ఆ చేత్తో? ఎవడిస్తాడు పని?

రేడియోలో ఒక పాట అయింది. అమ్మ లేచి ఖాళీ చాట తెచ్చి దాని ముందు పెట్టి, వచ్చి కూర్చుంది. ఆకు ముట్టలేదు.

"ఏందే కోటమ్మా, ఏంది నీ యవ్వారం?" బసవయ్య గొంతు లేచింది.

"వార్తలు ఇనకపోతే చేతులాడవు బసవయ్యా. అలవాటు పడిపోయినయ్యి."

"ఇయ్యాల సరుకుకు లారీ వస్తదే!"

"రానీ."

జాన్‌బీ కత్తెర కింద పెట్టింది. తర్వాత ఆమె పక్కావిడ, తర్వాత వరసంతా. కూలి లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా నేనూ కత్తెర పెట్టాను. మధ్యాహ్నం దాకా ఆ రేడియో ఒక్కటే వాగింది. లారీ వచ్చి హారన్ మీద హారన్ కొట్టాక బసవయ్యే వెళ్లి రేడియో కట్టేశాడు. కుల్సుమక్కను రమ్మని చెయ్యి ఊపాడు, నోటితో పిలవలేదు.

ఆమె పీట మీద కూర్చోగానే ప్రొఫెసరు వచ్చాడు, బస్సుకు ముందు ఒక ఫోటో తీసుకుందామని. జరిగింది విని, "ఇదీ పరివర్తన దశలో భాగమే. కొన్నాళ్లు ఇట్లా పెనుగులాట ఉంటుంది" అన్నాడు. ఓరి నీ చదువు తగలెయ్య!

కుల్సుమక్క పేపరు మడిచింది.

"సారూ, ఆ దేశాల్లో కూడా నా మాదిరి చేతులు పోయినోళ్లు ఉంటారుగా?"

"ఉంటారు."

"అలవాట్లు రాలిపోతయ్యంటిరి. రాలినాక వాళ్ల చాటలో ఎవరేస్తారు? అది కనుక్కోని రాయండి సారూ. నేనే చదివి ఇనిపిస్తా వీళ్లకి."

"తప్పకుండా రాస్తానమ్మా" అన్నాడు. ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ పుస్తకం మొన్న గుంటూరులో దొరికింది. చివరి పేజీ దాకా వెతికాను. గోడలున్నాయి, మార్కెట్లున్నాయి, దశలున్నాయి. గురజాలలో బీడీలు చుట్టే ఒకామె పాత అలవాటు వదల్లేకపోయిందని ఉంది. ఆమె అడిగిన దానికి జవాబు లేదు.

ఏళ్ల తర్వాత షెడ్డు మూతపడేదాకా కుల్సుమక్క చదువుతూనే ఉంది. పేపరు చేతికి రాగానే ముందుగా పేజీలన్నీ తిప్పి చూసుకునేది. "ఆ సారు ఇంకా రాసినట్టు లేడమ్మా" అని, తర్వాత మొదటి వార్త అందుకునేది.